క్యాబినెట్ ఫ్యాన్లు, ఆర్‌జీబీ లైట్లు: ఏ తీగ ఎక్కడికి, కంట్రోలు ఎవరి చేతికి

క్యాబినెట్ కొనడానికి వెళ్తే అందరి కళ్లూ ముందు అద్దం మీదికి, దాని వెనక వెలిగే ఫ్యాన్ల మీదికి పోతాయి. ఆ ఫ్యాన్ల తీగల చివర ఏ కనెక్టర్ ఉందని అడిగేవాళ్లు తక్కువ. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ బజారులో అడిగినా, ఆన్‌లైన్‌లో వెతికినా ముందు వినిపించేది ఎన్ని ఫ్యాన్లు, ఎన్ని రంగులు అన్నదే. కానీ పీసీ ఇంటికొచ్చాక నాలుగైదేళ్లు మనం కాపురం చేసేది ఆ కనెక్టర్‌తోనే. రాత్రి గదిలో హోరు ఉంటుందా ఉండదా, మే నెలలో గేమ్ ఆడితే గ్రాఫిక్స్ కార్డుకి చల్లగాలి అందుతుందా, ఒక ఫ్యాన్ పాడైతే ఒక్కదాన్నే మార్చుకోగలమా లేక సెట్టు మొత్తం మార్చాలా అన్నవన్నీ అక్కడే తేలిపోతాయి.

నేను చెప్పదలచుకున్నది ఒకటే. గాలినీ వెలుగునీ రెండు వేరు వేరు పనులుగా చూడండి. గాలి కంట్రోలు మదర్‌బోర్డు చేతిలో ఉండాలి, అదీ విండోస్ లేకపోయినా పనిచేసేలా ఉండాలి. వెలుగు ఎవరి చేతిలో ఉన్నా నష్టం లేదు. ముందు గాలి సంగతి తేల్చుకుని, తర్వాత లైట్ల జోలికి వెళ్తే డబ్బూ మిగులుతుంది, టెన్షనూ తగ్గుతుంది.

ఫ్యాన్ తీగ చివర ఏముంది?

లైట్లున్న ఫ్యాన్‌లో రెండు పరికరాలు ఉంటాయి. ఒకటి 12 వోల్టుల మోటారు, రెండోది దాని చుట్టూ పేర్చిన ఎల్‌ఈడీల వరస. అందుకే పద్ధతిగా తయారైన ఫ్యాన్ నుంచి రెండు తీగలు బయటికొస్తాయి. మోటారు తీగ మదర్‌బోర్డు మీది ఫ్యాన్ హెడర్‌కి (తీగ గుచ్చే పిన్నుల వరసకి) వెళ్తుంది, లైటు తీగ ఆర్‌జీబీ, అంటే రంగుల లైట్ల హెడర్‌కి వెళ్తుంది. ఇలాంటి ఫ్యాన్ ఏ కంపెనీదైనా ఏ బోర్డుతోనైనా కలిసిపోతుంది. ఒకటి పాడైతే ఇంకో కంపెనీది తెచ్చి పెట్టుకోవచ్చు.

తక్కువ ధర క్యాబినెట్లలో వచ్చేవి చాలావరకు ఇలా ఉండవు. కొన్నిటికి పాత మోలెక్స్ ప్లగ్ ఒక్కటే ఉంటుంది. మోటారూ లైటూ రెండూ నేరుగా ఎస్‌ఎంపీఎస్ (పీసీకి కరెంటు ఇచ్చే పెట్టె) నుంచే కరెంటు తీసుకుంటాయి. వేగం మారదు, రంగు మారదు. ఇంకొన్నిటికి 6 పిన్నుల ప్లగ్ ఉంటుంది, అది క్యాబినెట్ లోపల బిగించిన చిన్న హబ్‌లోకి, అంటే అన్ని ఫ్యాన్ల తీగలూ కలిసే డబ్బాలోకి పోతుంది. ఖరీదైన వైపు చూస్తే కోర్సెయిర్, లియాన్ లీ లాంటి కంపెనీల సొంత కనెక్టర్లు ఉన్నాయి. వాటిలో ఒకే తీగ మీద గాలీ వెలుగూ రెండూ నడుస్తాయి, కానీ ఆ కంపెనీ కంట్రోలర్ లేకుండా పని జరగదు.

3 పిన్నులా, 4 పిన్నులా?

3 పిన్నుల ఫ్యాన్‌లో ఒక తీగ గ్రౌండ్, ఒకటి 12 వోల్టులు, మూడోది ఫ్యాన్ ఎంత వేగంగా తిరుగుతోందో బోర్డుకి చెప్పేది. వేగం తగ్గించాలంటే బోర్డు వోల్టేజీ తగ్గిస్తుంది. దీన్ని డీసీ మోడ్ అంటారు. వోల్టేజీ మరీ తగ్గితే మోటారు కదలనే కదలదు, ఎంత దగ్గర ఆగిపోతుందో ఫ్యాన్‌కి ఫ్యాన్‌కి తేడా ఉంటుంది. 4 పిన్నుల ఫ్యాన్‌లో 12 వోల్టులు ఎప్పుడూ పూర్తిగా అందుతూనే ఉంటాయి. నాలుగో తీగ మీద సుమారు 25 కిలోహెర్ట్జ్‌లో ఒక సంకేతం వస్తుంది. ఆ సంకేతం ఎంతసేపు ఆన్‌లో ఉంది, ఎంతసేపు ఆఫ్‌లో ఉంది అన్నదాన్ని బట్టి ఫ్యాన్ తన వేగం తానే సర్దుకుంటుంది. ఇదే పీడబ్ల్యూఎం. బాగా తక్కువ వేగంలో కూడా ఇది నిలకడగా తిరుగుతుంది.

కొత్తగా కొనేటట్టయితే 4 పిన్నులవే కొనండి, ఇందులో రెండో ఆలోచన అక్కర్లేదు. ఇంట్లో ఇప్పటికే 3 పిన్నులవి ఉంటే పారేయనక్కర్లేదు. 4 పిన్నుల హెడర్‌కే వాటిని పెట్టొచ్చు, ప్లగ్ ఒక పక్కకి జరిగి సరిపోతుంది. కానీ బయోస్‌లోకి (విండోస్ కంటే ముందు తెరుచుకునే బోర్డు సెట్టింగుల్లోకి) వెళ్లి ఆ హెడర్‌ని డీసీ మోడ్‌కి మార్చాలి. అది పీడబ్ల్యూఎం మోడ్‌లోనే ఉండిపోతే 3 పిన్నుల ఫ్యాన్‌కి వేగం తగ్గించమని చెప్పే తీగే లేదు కాబట్టి అది రోజంతా ఫుల్ స్పీడ్‌లో తిరుగుతుంది. కొత్త పీసీ హోరెత్తిపోతోందని ఎవరైనా ఫిర్యాదు చేస్తే ముందు చూడాల్సింది ఇదే. ఆటో అని పెట్టినప్పుడు కొన్ని బోర్డులు సరిగ్గా గుర్తుపడతాయి, కొన్ని పట్టవు. చేత్తో మార్చుకోవడమే మేలు.

హెడర్, స్ప్లిటర్, హబ్

బోర్డు మీద ఒక్కో ఫ్యాన్ హెడర్ సాధారణంగా 1 ఆంపియర్ దాకా ఇస్తుంది, అంటే 12 వాట్లు. పంప్ అని రాసి ఉన్న హెడర్లు చాలా బోర్డుల్లో ఇంకా ఎక్కువే ఇస్తాయి. ఫ్యాన్ వెనక మధ్యలో అంటించిన స్టిక్కర్ చూస్తే అది ఎంత లాగుతుందో రాసి ఉంటుంది. 0.15 ఆంపియర్ అని ఉందనుకోండి, అలాంటివి ఐదు కలిపినా 0.75 మాత్రమే. మొదట కదిలేటప్పుడు మోటారు కాస్త ఎక్కువ లాగుతుంది కాబట్టి లెక్క అంచుదాకా తీసుకెళ్లకండి. ఒక హెడర్‌కి రెండు మూడు ఫ్యాన్లు పెడితే ఏ భయమూ ఉండదు. స్టిక్కర్ మీద 0.3, 0.4 అని కనిపిస్తే మాత్రం రెండుతో ఆపేయండి. ఆ అంకెలో కొన్నిసార్లు లైట్ల కరెంటు కూడా కలిపి రాస్తారు, అదీ గమనించండి.

ఫ్యాన్ల సంఖ్యకి తగ్గ హెడర్లు ఉంటే నేరుగా బోర్డుకి పెట్టడమే అన్నిటికంటే మంచిది. ఒక్కో ఫ్యాన్ వేగం విడిగా కనిపిస్తుంది, ఏది ఆగిపోయినా తెలుస్తుంది. కానీ చవక మైక్రో ఏటీఎక్స్ బోర్డుల్లో చాలావాటికి సీపీయూ ఫ్యాన్‌కి ఒకటి, క్యాబినెట్‌కి ఒకటి రెండు, అంతే. అప్పుడు ఒక హెడర్‌కి రెండు మూడు ఫ్యాన్లు కలిపే స్ప్లిటర్ కావాలి. దాని ధర ఎక్కువేం కాదు, చిన్న తీగ ముక్క. మంచి స్ప్లిటర్ గుర్తు ఏంటంటే, ఒక చివర మాత్రం నాలుగు పిన్నులూ ఉంటాయి, మిగతా చివర్లలో వేగం చెప్పే పిన్ను తీసేసి మూడే ఉంటాయి. రెండు ఫ్యాన్లు ఒకేసారి వేగం చెబితే బోర్డు అయోమయంలో పడి తప్పు అంకె చూపిస్తుంది, అందుకని అలా చేస్తారు. పిన్ను తక్కువుందని దాన్ని నాసిరకం అనుకోకండి.

ఆర్కిటిక్ పీ12 లాంటి ఫ్యాన్లలో పీఎస్‌టీ అని రాసినవి ఉంటాయి. వాటికి స్ప్లిటర్ కూడా అక్కర్లేదు, ఒక ఫ్యాన్ తీగలోనే ఇంకో ఫ్యాన్ పెట్టుకుంటూ పోవచ్చు. లైట్లు వద్దనుకునేవాళ్లకి ఐదు ఫ్యాన్ల ప్యాక్‌లో దొరికే వీటికంటే సులువైన దారి నాకు కనపడలేదు.

హబ్ కథ వేరు. ఇది ఫ్యాన్లకి కావాల్సిన కరెంటు సాటా ప్లగ్ ద్వారా ఎస్‌ఎంపీఎస్ నుంచి తీసుకుంటుంది. బోర్డు నుంచి తీసుకునేది వేగం సంకేతం ఒక్కటే. సాటా ప్లగ్‌లో 12 వోల్టుల వైపు 4.5 ఆంపియర్ల దాకా అవకాశం ఉంది కాబట్టి ఎనిమిది పది ఫ్యాన్లున్నా ఇబ్బంది లేదు. చిక్కు రెండు చోట్ల వస్తుంది. మామూలు పీడబ్ల్యూఎం హబ్‌కి 3 పిన్నుల ఫ్యాన్ పెడితే అది ఫుల్ స్పీడ్‌లోనే తిరుగుతుంది, ఇక బయోస్‌లో ఏ మోడ్ పెట్టినా ఆగదు. రెండోది, బోర్డుకి కనిపించేది ఒకే ఫ్యాన్ వేగం. లోపల ఇంకోటి ఆగిపోయినా మనకి కబురు రాదు.

అందుకే నాలుగు నుంచి ఆరు ఫ్యాన్లున్న పీసీకి నేను హబ్ వైపు వెళ్లను. ముందు నుంచి గాలి లోపలికి తెచ్చే ఫ్యాన్లన్నీ ఒక స్ప్లిటర్ మీద ఒక హెడర్‌కి, వెనకది ఇంకో హెడర్‌కి, పైన ఉంటే అవి మూడో హెడర్‌కి పెడతాను. చేసే పనిని బట్టి గుంపులు కట్టడం వల్ల ముందువాటిని ఒక వేగంలో, వెనకదాన్ని ఇంకో వేగంలో నడుపుకోవచ్చు. దుమ్ము ఎక్కువగా ఉండే మన ఊళ్లలో లోపలికొచ్చే గాలి, బయటికి పోయేదానికంటే కాస్త ఎక్కువ ఉండేలా చూసుకుంటే మంచిది. అప్పుడు దుమ్ము ముందున్న జాలీల దగ్గరే ఆగుతుంది, సందుల్లోంచి లోపలికి రాదు. అన్నీ ఒకే హబ్ మీద ఉంటే ఈ సర్దుబాటు కుదరదు.

సీపీయూ ఫ్యాన్ హెడర్‌లో కూలర్ ఫ్యాన్ తప్ప ఇంకేదీ పెట్టకండి. అది ఖాళీగా ఉంటే చాలా బోర్డులు ఆన్ కాగానే ఫ్యాన్ ఎర్రర్ చూపించి ఆగిపోతాయి. పంప్ హెడర్‌ని క్యాబినెట్ ఫ్యాన్లకి వాడుకోవచ్చు, కానీ అది మామూలుగా ఫుల్ స్పీడ్‌కి సెట్ అయి ఉంటుంది. బయోస్‌లో మార్చడం మర్చిపోవద్దు.

లైట్లు: 5 వోల్టులా, 12 వోల్టులా?

ఇక్కడ తప్పు చేస్తే డబ్బు పోతుంది కాబట్టి కాస్త ఆగి చూద్దాం.

పాత రకం ఆర్‌జీబీకి నాలుగు పిన్నులు, 12 వోల్టులు. ఒక పిన్ను కరెంటుకి, మిగతా మూడూ ఆకుపచ్చ, ఎరుపు, నీలం రంగులకి. ఆ తీగ మీదున్న ఎల్‌ఈడీలన్నీ ఒకే క్షణంలో ఒకే రంగులో వెలుగుతాయి. ఏఆర్‌జీబీ అంటే ఒక్కో ఎల్‌ఈడీ తన రంగు తాను వేసుకోగలిగే రకం. దానికి మూడు పిన్నులు, 5 వోల్టులు. ఇంద్రధనుస్సు తిరిగినట్టు కనిపించే ఫ్యాన్లన్నీ ఈ రకమే. ఇప్పుడు మార్కెట్లో ఎక్కువగా దొరికేది కూడా ఇదే, కొనాల్సిందీ ఇదే.

బోర్డు అంచున ఫోన్ టార్చ్ వేసి దగ్గరగా చూడండి. 12 వోల్టుల హెడర్‌లో నాలుగు పిన్నులు వరసగా నిలబడి ఉంటాయి. 5 వోల్టుల హెడర్ కూడా అంతే వెడల్పు ఉంటుంది, కానీ మూడో పిన్ను ఉండాల్సిన చోట ఖాళీ. మొదటి పిన్ను 5 వోల్టులు, పక్కది డేటా, తర్వాత ఖాళీ, చివరది గ్రౌండ్. తీగ చివరనున్న నల్ల ప్లగ్ మీద ఒక చిన్న బాణం గుర్తు ఉంటుంది, అది 5 వోల్టుల పిన్ను వైపు రావాలి. మంచి ప్లగ్‌లో మూడో రంధ్రం ప్లాస్టిక్‌తో మూసేసి ఉంటుంది, అందువల్ల 12 వోల్టుల హెడర్‌లోకి అది దూరదు. చవక ప్లగ్గుల్లో ఆ రంధ్రం తెరిచే ఉంటుంది, ఎక్కడ పెట్టినా దూరిపోతుంది. 5 వోల్టుల ఎల్‌ఈడీకి 12 వోల్టులు తగిలాయంటే అది కోలుకునే అవకాశం లేదు. ఒక్కోసారి దానితో పాటు ఆ వరసంతా పోతుంది. అందుకే పవర్ తీసేసి, బోర్డు మీద ముద్రించిన అక్షరాలు చదివి, బాణం చూసి, అప్పుడే నొక్కండి. బలవంతంగా నొక్కాల్సి వస్తోందంటే అది ఆ చోటుది కాదు.

బోర్డు నుంచి లైట్లు నడిపే ఈ ఏర్పాటుని ఆసుస్ వాళ్లు ఆరా అంటారు, ఎంఎస్‌ఐ మిస్టిక్ లైట్ అంటుంది, గిగాబైట్‌కి ఆర్‌జీబీ ఫ్యూజన్, ఏఎస్‌రాక్‌కి పాలిక్రోమ్. పేర్లు వేరు, సాఫ్ట్‌వేర్లు వేరు. ఇప్పటి బోర్డుల్లో 5 వోల్టుల 3 పిన్నుల హెడర్ మాత్రం ఒకటే. ఫ్యాన్ డబ్బా మీద ఆరా సింక్ అని ఉన్నంత మాత్రాన అది ఎంఎస్‌ఐ బోర్డు మీద వెలగదని కాదు. పిన్నులూ వోల్టేజీ కలిస్తే చాలు. ఎంఎస్‌ఐ బోర్డుల్లో జేరెయిన్‌బో అని రాసినది 5 వోల్టులది, జేఆర్‌జీబీ అని రాసినది 12 వోల్టులది. పేర్లు వినడానికి దగ్గరగా ఉంటాయి, జాగ్రత్త. చవక బోర్డుల్లో కొన్నిటికి 5 వోల్టుల హెడరే ఉండదు. ఏఆర్‌జీబీ ఫ్యాన్లు కొనే ముందు మీ బోర్డు మాన్యువల్ పీడీఎఫ్ తెరిచి ఇది ఉందో లేదో చూసుకోండి.

పక్కపక్కనా, ఒకదాని వెనక ఒకటా?

లైట్ల తీగలు కలపడంలో రెండు పద్ధతులున్నాయి, కళ్లకి కనిపించే తేడా ఇక్కడే వస్తుంది. ఏఆర్‌జీబీలో బోర్డు నుంచి రంగుల సమాచారం ఒక వరసగా వస్తుంది. మొదటి ఎల్‌ఈడీ తన వాటా 24 బిట్లు తీసుకుని మిగతాది వెనకదానికి పంపిస్తుంది, అది తన వాటా తీసుకుని ఇంకా వెనక్కి పంపిస్తుంది. స్ప్లిటర్‌తో మూడు ఫ్యాన్లు పక్కపక్కన కలిపితే మూడింటికీ ఒకే సమాచారం అందుతుంది. మూడూ ఒకేలా వెలుగుతాయి. ఒక ఫ్యాన్ లైటు తీగలో ఇంకో ఫ్యాన్ తీగ పెట్టి గొలుసులా కలిపితే బోర్డుకి అవన్నీ కలిపి ఒకే పొడవాటి వరసలా కనిపిస్తాయి. రంగు ఒక ఫ్యాన్ నుంచి ఇంకో ఫ్యాన్‌లోకి పారుతుంది.

గొలుసు చూడ్డానికి బాగుంటుంది, కానీ సాఫ్ట్‌వేర్‌లో మొత్తం ఎల్‌ఈడీలు ఎన్నో చెప్పాలి. తక్కువ చెబితే చివరి ఫ్యాన్ వెలగదు. మధ్యలో ఒక ఎల్‌ఈడీ పాడైతే దాని వెనకవన్నీ ఆగిపోవచ్చు. స్ప్లిటర్‌లో ఈ గొడవ లేదు, ఒకటి పోతే అదొక్కటే పోతుంది. ఎక్కువమందికి స్ప్లిటరే చాలు. అద్దం ముందు మూడు ఫ్యాన్లు నిలువుగా వరసగా ఉండి, రంగు కింది నుంచి పైకి పాకాలని కోరిక ఉంటే గొలుసుకి వెళ్లండి.

కరెంటు లెక్క ఇక్కడా ఉంది. 5 వోల్టుల హెడర్ మామూలుగా 3 ఆంపియర్ల దాకా ఇస్తుంది, అంటే 15 వాట్లు. ఎల్‌ఈడీలు అన్నిటికంటే ఎక్కువ కరెంటు తీసుకునేది తెలుపు రంగులో, ఫుల్ వెలుతురులో. మూడు రంగులూ ఒకేసారి వెలగాలి కదా. పెద్ద రకం ఎల్‌ఈడీ ఒక్కోటి అప్పుడు 60 మిల్లీ ఆంపియర్ల దాకా లాగగలదు. ఆరేడు ఫ్యాన్లకి తోడు లైట్ల స్ట్రిప్పులు కూడా పెట్టదలిస్తే సాటా పవర్ ఉన్న ఏఆర్‌జీబీ హబ్ తీసుకోండి. గాలికి హబ్ వద్దన్నాను గానీ, లైట్లకి హబ్ వాడడంలో నాకు అభ్యంతరమేమీ లేదు. లైటు ఆగిపోతే కళ్లకి కనిపిస్తుంది, పీసీకి నష్టం లేదు.

రిమోట్‌తో వచ్చే హబ్

చవక క్యాబినెట్లలో 6 పిన్నుల ఫ్యాన్లు, ఒక హబ్, ఒక చిన్న రిమోట్ కలిపి ఇస్తారు. ఇందులో మంచి రకం, పనికిరాని రకం రెండూ ఉన్నాయి. తేడా తెలుసుకోవడానికి ఒకే ప్రశ్న చాలు: హబ్ నుంచి మదర్‌బోర్డుకి ఏయే తీగలు వస్తాయి? 4 పిన్నుల పీడబ్ల్యూఎం తీగ ఒకటి, 5 వోల్టుల 3 పిన్నుల లైటు తీగ ఒకటి వస్తుంటే ఆ హబ్‌ని నిశ్చింతగా తీసుకోవచ్చు. లైటు తీగ ఒక్కటే వస్తుంటే రంగులు బోర్డు చెప్పినట్టు వింటాయి, వేగం మాత్రం రిమోట్‌లో ఉన్న ఒకటి రెండు స్థాయిల మధ్యే తిరుగుతుంది. ఎస్‌ఎంపీఎస్ వైపు వెళ్లే తీగ తప్ప ఇంకేమీ లేకపోతే దాన్ని వదిలేయండి. ప్రాసెసర్ ఎంత వేడెక్కినా ఆ ఫ్యాన్లకి తెలియదు, ఖాళీగా ఉన్నప్పుడూ అదే హోరు.

ఇంకో హెచ్చరిక. 6 పిన్నుల ప్లగ్గులు చూడ్డానికి ఒకేలా ఉన్నా వాటికి ఒక ప్రమాణం లేదు. ఏ పిన్ను మీద 12 వోల్టులు వస్తాయి, ఏ పిన్ను మీద 5 వస్తాయి అన్నది కంపెనీని బట్టి మారుతుంది. ఒక కంపెనీ ఫ్యాన్‌ని ఇంకో కంపెనీ హబ్‌లో పెట్టకండి, సరిగ్గా దూరినా సరే. ఈ కారణంగానే ఒక ఫ్యాన్ పాడైతే విడిగా దొరకడం కష్టం.

కొన్ని హబ్బులకి రిమోట్ ఉండదు. క్యాబినెట్ రీసెట్ బటన్ తీగని బోర్డుకి కాకుండా హబ్‌కి పెడితే ఆ బటన్ నొక్కినప్పుడల్లా రంగు మారుతుంది. రీసెట్ బటన్ వాడేవాళ్లు ఇప్పుడు తక్కువ కాబట్టి ఇది మంచి ఏర్పాటే. ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు.

కంపెనీల సొంత ప్రపంచాలు

లియాన్ లీ 2020లో యూనీ ఫ్యాన్ తెచ్చింది. ఫ్యాన్లు పక్కపక్కన పెట్టి ఒకదానికొకటి తగిలిస్తే చాలు, మూడింటికీ కలిపి ఒకే తీగ. 2023లో కోర్సెయిర్ ఐక్యూ లింక్ అనే పద్ధతి తెచ్చింది. అందులో ఫ్యాన్లు, లిక్విడ్ కూలర్ అన్నీ ఒకే రకం చిన్న తీగతో గొలుసుగా కలుస్తాయి. రెండు పక్కలా అద్దమున్న క్యాబినెట్‌లో తొమ్మిది పది ఫ్యాన్లు పెట్టేవాళ్లకి ఇవి నిజంగా పని తగ్గిస్తాయి. మామూలు ఫ్యాన్లు పది పెడితే ఇరవై తీగలు వెనకవైపు దాచాలి. అది చేసినవాళ్లకి ఈ ఒక్క తీగ విలువ తెలుస్తుంది.

కానీ ఏం వదులుకుంటున్నామో కూడా చూడాలి. ఈ కంట్రోలర్లకి బోర్డు మీద లోపలి యూఎస్‌బీ 2.0 హెడర్ కావాలి. చాలా బోర్డుల్లో అలాంటివి రెండే ఉంటాయి. క్యాబినెట్ ముందు పోర్టులకి ఒకటి, లిక్విడ్ కూలర్‌కి ఇంకోటి పోతే ఇక ఖాళీ ఉండదు. వేగం, రంగు రెండూ ఆ కంపెనీ సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్లిపోతాయి. లినక్స్ వాడేవాళ్లకి ఇది పెద్ద అడ్డంకి. మూడేళ్ల తర్వాత అదే మోడల్ ఫ్యాన్ ఒక్కటి కావాలంటే దొరుకుతుందన్న నమ్మకమూ ఉండదు. ధర ఎలాగూ ఎక్కువే.

వీటిలోకి దిగితే ఒకే కంపెనీతో దిగండి. ఫ్యాన్లు ఒకరివి, కూలర్ ఇంకొకరిది, ర్యామ్ మరొకరిది అయితే వెనక మూడు సాఫ్ట్‌వేర్లు నడుస్తూ ఉంటాయి. ఇంత ఖర్చు పెట్టి అన్నిటికంటే ఎక్కువ చిరాకు కొనుక్కున్నట్టు అవుతుంది.

వేగం బయోస్‌లోనా, సాఫ్ట్‌వేర్‌లోనా?

ముందు బయోస్‌లో. ఆసుస్‌లో క్యూ ఫ్యాన్, గిగాబైట్‌లో స్మార్ట్ ఫ్యాన్, ఎంఎస్‌ఐలో హార్డ్‌వేర్ మానిటర్, ఏఎస్‌రాక్‌లో ఫ్యాన్‌టాస్టిక్ ట్యూనింగ్ అనే పేర్లతో ఒక గ్రాఫ్ ఉంటుంది. ఏ వేడి దగ్గర ఎంత వేగమో అక్కడ చుక్కలు పెట్టి చెప్పొచ్చు. ఒకసారి సేవ్ చేస్తే విండోస్ మార్చినా, లినక్స్ వేసినా, ఏ యాప్ క్రాష్ అయినా అది అలాగే పనిచేస్తుంది.

ఆ గ్రాఫ్ కోసం ఇంటర్నెట్‌లో దొరికే చాలా సలహాలు గది వేడి 20, 22 డిగ్రీలు ఉన్న చోట్ల నుంచి వస్తాయి. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో ఏసీ లేని గదిలోనే 35 డిగ్రీలు దాటుతుంది. పీసీ ఖాళీగా ఉన్నా ప్రాసెసర్ 45, 50 దగ్గర ఉంటుంది. 40 డిగ్రీల నుంచే వేగం పెరిగేలా గ్రాఫ్ పెడితే బ్రౌజర్ తెరిచినా ఫ్యాన్లు లేచి కూర్చుంటాయి. నేనైతే 55 డిగ్రీల దాకా 30 నుంచి 35 శాతం దగ్గర గీత అడ్డంగా ఉంచి, అక్కడి నుంచి మెల్లగా ఎక్కించి, 75 దగ్గర 70 శాతం, 85కి పూర్తి వేగం పెడతాను. ప్రాసెసర్ వేడి ఒక్క సెకనులో పది పదిహేను డిగ్రీలు ఎగిరి మళ్లీ దిగుతుంది, దాని వెంట ఫ్యాన్లు కూడా ఎగరకూడదు. అందుకు స్టెప్ అప్ టైమ్, స్టెప్ డౌన్ టైమ్ లాంటి పేర్లతో ఒక ఆలస్యం సెట్టింగ్ ఉంటుంది. దాన్ని కొన్ని సెకన్లకి పెంచండి. హోరు ఎక్కీ దిగీ విసిగించడం చాలావరకు దీనితోనే ఆగిపోతుంది.

బయోస్‌కి ఒక లోటు ఉంది. మామూలుగా దానికి గ్రాఫిక్స్ కార్డు వేడి కనిపించదు. గేమ్ ఆడేటప్పుడు ఎక్కువ వేడి పుట్టేది కార్డులో, క్యాబినెట్ ఫ్యాన్లు మాత్రం ప్రాసెసర్‌ని చూసి తిరుగుతుంటాయి. ఇది ఇబ్బందిగా ఉంటే విండోస్‌లో ఫ్యాన్ కంట్రోల్ అనే ఉచిత ప్రోగ్రాం ఉంది. ప్రాసెసర్, కార్డు ఈ రెండింటిలో ఏది ఎక్కువ వేడిగా ఉంటే దాన్ని బట్టి ఫ్యాన్లు తిప్పమని అందులో చెప్పొచ్చు. 2025 మార్చిలో ఇలాంటి ప్రోగ్రాములు వాడే విన్‌రింగ్0 అనే డ్రైవర్‌లో భద్రతా లోపం ఉందని విండోస్ డిఫెండర్ దాన్ని అడ్డుకోవడం మొదలుపెట్టింది. ఫ్యాన్ కంట్రోల్ తర్వాత వేరే డ్రైవర్‌కి మారింది. కాబట్టి పాత వెర్షన్ కోసం డిఫెండర్‌ని ఆపేయకండి, కొత్త వెర్షన్ వేసుకోండి. సాఫ్ట్‌వేర్ వాడినా బయోస్ గ్రాఫ్ ముందే సరిగ్గా పెట్టి ఉంచండి, ప్రోగ్రాం నడవని రోజు అదే కాపాడుతుంది. లినక్స్‌లో కూలర్‌కంట్రోల్ ఇదే పని చేస్తుంది.

రంగుల సాఫ్ట్‌వేర్

ఒక కంట్రోలర్ మీద ఒకటే ప్రోగ్రాం పెత్తనం చేయాలి. బోర్డు కంపెనీ యాప్, ఇంకో యాప్ రెండూ ఒకేసారి నడిస్తే లైట్లు మిణుకుమిణుకుమంటాయి, రంగులు తమంతట తామే మారతాయి. చాలామంది దీన్ని ఫ్యాన్ పాడైందనుకుంటారు. కంపెనీల బరువైన యాప్‌లు వద్దనుకుంటే ఓపెన్‌ఆర్‌జీబీ ఉంది. ఉచితం, లినక్స్‌లో కూడా నడుస్తుంది, చాలా కంపెనీల పరికరాలని గుర్తుపడుతుంది. విండోస్ 11లో 2023 నుంచి డైనమిక్ లైటింగ్ అని సెట్టింగ్స్‌లోనే ఒక పేజీ వచ్చింది. దానికి సరిపోయే పరికరాలకే పనిచేస్తుంది కానీ అదనంగా ఏమీ వేసుకోనక్కర్లేదు, ముందు దాన్నే ప్రయత్నించండి.

పీసీ ఆఫ్ చేశాక కూడా లైట్లు వెలుగుతూనే ఉన్నాయని అడుగుతుంటారు. ఆఫ్‌లో ఉన్నప్పుడూ ఎస్‌ఎంపీఎస్ బోర్డుకి కొద్దిగా 5 వోల్టుల కరెంటు ఇస్తూనే ఉంటుంది, లైట్లు అక్కడి నుంచి తీసుకుంటాయి. బయోస్‌లో ఈఆర్‌పీ అనే ఆప్షన్ ఆన్ చేస్తే చాలా బోర్డుల్లో ఆరిపోతాయి. దానితో పాటు ఆఫ్‌లో ఉన్నప్పుడు యూఎస్‌బీ పోర్టులో ఫోన్ చార్జ్ చేసుకోవడం కూడా ఆగిపోతుంది.

మరి ఏది తీసుకోవాలి?

ఆఫీసు పని, చదువు, కోడింగ్ కోసమైతే లైట్లు లేని 4 పిన్నుల నల్ల ఫ్యాన్లు, ఒక స్ప్లిటర్, బయోస్ గ్రాఫ్. ఇంతకంటే ఏమీ వద్దు. ఫ్యాన్లకి పెట్టే డబ్బంతా మోటారు నాణ్యతకే పోతుంది.

గేమింగ్ పీసీ, మధ్యస్థ బడ్జెట్, లైట్లు కావాలి అంటే పీడబ్ల్యూఎం, 5 వోల్టుల ఏఆర్‌జీబీ తీగలు విడివిడిగా ఉన్న ఫ్యాన్లు. గాలికి ఒక స్ప్లిటర్, వెలుగుకి ఒక స్ప్లిటర్. బోర్డుకి 5 వోల్టుల హెడర్ లేకపోతే బోర్డు మార్చక్కర్లేదు. రీసెట్ బటన్‌తో గానీ చిన్న మీటతో గానీ నడిచే లైట్ల హబ్ ఒకటి కొంటే సరిపోతుంది. బడ్జెట్ చాలకపోతే నాలుగు ఫ్యాన్లలో ముందు కనిపించే రెండు మాత్రం లైట్లున్నవి, వెనకవి మామూలువి తీసుకోండి.

క్యాబినెట్‌తో పాటు వేగం మారని ఫ్యాన్లు ఇప్పటికే వచ్చేసి ఉండి, అవి హోరెత్తిస్తుంటే అన్నీ ఒకేసారి మార్చనక్కర్లేదు. గాలి ఎక్కువగా తెచ్చే ముందువైపు ఫ్యాన్ల చోట రెండు మంచి పీడబ్ల్యూఎం ఫ్యాన్లు పెట్టి, పాతవాటిలో ఒకటి తీసేసి చూడండి. చాలా క్యాబినెట్లలో మూడు మంచి ఫ్యాన్లు, ఆరు నాసిరకం ఫ్యాన్ల పని చేస్తాయి.

షోకేస్‌లా రెండు పక్కలా అద్దం, ఏడుకి పైగా ఫ్యాన్లు, విండోస్ మాత్రమే వాడతాను, ఖర్చుకి వెనకాడను అనేవాళ్లకి ఒకే కంపెనీ గొలుసు పద్ధతి బాగుంటుంది. ఆర్డర్ పెట్టే ముందు బోర్డు మీద ఖాళీ యూఎస్‌బీ 2.0 హెడర్ ఉందో లేదో చూసుకోండి. అదనంగా ఒక ఫ్యాన్ ఇప్పుడే కొని దాచుకోండి.

ఏది కొన్నా బిగించే క్రమం మాత్రం ఇదే పెట్టుకోండి. మొదట మోటారు తీగలు మాత్రమే కలిపి, పక్క ప్యానెల్ తీసే ఉంచి ఆన్ చేయండి. బయోస్‌లో ప్రతి హెడర్ దగ్గరా వేగం అంకె వస్తోందా, గ్రాఫ్ కిందికి లాగితే ఫ్యాన్ నెమ్మదిస్తోందా చూడండి. నెమ్మదించకపోతే మోడ్ మార్చండి. ప్రతి ఫ్యాన్ ముందు పలచటి కాగితం ముక్క పెట్టి గాలి ఎటు పోతోందో చూడండి. మామూలు ఫ్యాన్ అయితే ప్లాస్టిక్ కడ్డీల చట్రం ఉన్న వైపు నుంచి గాలి బయటికొస్తుంది, రివర్స్ బ్లేడ్ అని అమ్మేవాటిలో ఇది తిరగబడుతుంది. ఇవన్నీ సరిగ్గా ఉన్నాయనిపించాక పీసీ ఆపి, ప్లగ్ తీసి, అప్పుడు లైట్ల తీగలు ఒక్కొక్కటిగా కలపండి.